పక్కింటి ముందు ఆగే జీపు

నా చిన్నప్పుడు మా వీధిలో జరిగిన యుద్ధం చెప్పాలంటే పద్దెనిమిది పర్వాలు పడతాయి. ఏనుగులూ రథాలూ ఉంటాయనుకుంటారేమో, లేవు. ఉన్నవల్లా ఒక పోలీసు జీపు, ఒక కోడిపుంజు, మా మామ్మ కడుపుమంట.

మాది దర్శి వైపు మెట్ట ఊరు. వారానికోసారి స్టేషన్ జీపు వచ్చి సరిగ్గా పక్కింటి ముందు ఆగేది. ఎందుకని మావాళ్ళెవరూ అడగలేదు. అడిగితే మనకు పట్టిందని తెలిసిపోతుంది కదా! పక్కింటి పెద్దమ్మ ఆదివారం చర్చిలో కొంగు సర్దుకునే తీరే మారిపోయింది. పక్కింటి అక్క అయితే ఏకంగా జీపెక్కి కూర్చుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పప్పుచారు మాత్రం రెండుసార్లు పోయించుకున్నాను.

మామ్మకు ఒకటే కోరిక. ఆ జీపు ఒక్కసారి, వీధంతా చూస్తుండగా, మా గుమ్మం ముందు ఆగాలి.

కళ్లాల్లో మిరపకాయలు ఆరుతున్న రోజుల్లో మా పుంజు కనిపించకుండా పోయింది. మామ్మ బాధపడలేదు సరికదా, మొహం వెలిగిపోయింది. వెంటనే మా నాన్నను స్టేషన్‌కు తరిమింది. "దొంగతనమని చెప్పరా. జీపేసుకు రమ్మను!"

జీపు రాలేదు. సాయంత్రానికి స్టేషన్‌లోని హెడ్ కానిస్టేబులు, మేమంతా పిలిచే హెడ్డుగారు, సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. ఎవరు పిలిచినా ఆయన ముందు అడిగే మాట ఒకటే: కేసా, కబురా? కేసైతే కాగితం తీస్తారు. కబురైతే టోపీ తీస్తారు.

"కేసే!" అంది మామ్మ.

"మంచిదండి మామ్మగారూ. పుంజు దొరికితే కోర్టు చెప్పేదాకా స్టేషన్లోనే ఉంచాలి. మా స్టేషన్లో మరి కోళ్ళు ఎక్కువ కాలం బతకవండి."

మామ్మ వెంటనే దిగొచ్చింది. "అయితే కబురే రాసుకో నాయనా."

"కబురు రాయమండి, వింటాం" అని ఆయన టోపీ తీసి అరుగు మీద పెట్టి, మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

మామ్మ పుంజు ఊసే ఎత్తలేదు. పక్కింటివాళ్ళ మిరపకు వచ్చే రంగు దగ్గర మొదలుపెట్టి జీపు దగ్గరికి వచ్చింది. అక్కడ గొంతు తగ్గింది. తాతయ్య ఉన్న రోజుల్లో ఊళ్ళోకి వచ్చిన ప్రతి బండీ మా గుమ్మం ముందే ఆగేదట. ఆయన పోయాక ఒక్కటీ ఆగడం లేదట. హెడ్డుగారు నవ్వలేదు. ఇంకో గ్లాసు మజ్జిగ అడిగారు.

అంతలో మా పుంజు పక్కింటి గోడ మీంచి తాపీగా దిగింది. అదీ అక్కడికే వెళ్ళిందన్నమాట. మామ్మ దాన్ని చూసిన చూపుకు దొంగైనా లొంగిపోయేవాడు.

ఆ తరవాత ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా హెడ్డుగారి సైకిలు మా అరుగుకే ఆనేది. "కబుర్లేమిటండి మామ్మగారూ?" అనేవారు గట్టిగా, పక్కింటికి వినపడేలా. నేను ఆయన టోపీ పెట్టుకుని గోడ పక్కన పచార్లు చేసేదాన్ని. టోపీ ముక్కు దాకా దిగడం వల్ల పక్కింటి అక్క చూసిందో లేదో నాకు తెలియలేదు.

ఇప్పటికీ ఎవరినన్నా చూసి కడుపు మండితే, కేసా కబురా అని నన్ను నేను అడుగుతాను. ఇంతవరకూ ఒక్క కేసూ తగల్లేదు. అన్నీ ఎవరన్నా కూర్చుని వింటే చల్లబడే కబుర్లే.

ఇంతకీ జీపు సంగతి హెడ్డుగారు ఆ రోజే చెప్పారు. దాని రేడియేటరు కారేది, దారిలో నీళ్ళు పోయాల్సి వచ్చేది. పక్కింటి బోరింగులో మంచినీళ్ళు పడేవి. మావి ఉప్పునీళ్ళు.