అక్షింతలు వేసిన లేయరు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నర్సీపట్నంలో మౌస్ పట్టుకున్నవాడికి కొత్తల్లుడి మర్యాద జరిగేది. (పట్టుకుంటే చాలు, పని రావాలని ఎవరూ అడిగేవారు కాదు.) బస్టాండు దగ్గర ఒక స్టూడియో మేడమీద నేను పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి. దంపతులను గులాబీలోంచి పుట్టించడం, చందమామలో కూర్చోబెట్టి తిప్పడం నా విద్యలు. వీడియో మీద పరిచే బొమ్మను లేయరు అంటారు. అడ్డానికో అంకె, నిలువుకో అంకె కొట్టి, దాన్ని తెరమీద అనుకున్న చోట నిలబెట్టేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా రానివ్వనని మహా పొగరు.

ఒకరోజు బలిఘట్టం నుంచి ఓ కొత్త పెళ్ళికూతురు వాళ్ళమ్మతో వచ్చింది. సంబంధం కుదిర్చిన నాన్న, పెళ్ళి చూడకుండానే పోయారట. ఎవరి పెళ్ళిలోనో అక్షింతలు వేస్తున్న ఆయన ఫోటో నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, మా నాన్న నాకు అచ్చింతలు ఏస్తున్నట్టు పెట్టగలవేటి?" అంది. ఆ గొంతు విన్నాక కాదనేవాడు మనిషి కాడు. ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి, చెయ్యి సరిగ్గా ఆమె తలమీదికొచ్చేలా అంకెలు కొట్టి, నా భుజం నేనే తట్టుకున్నాను.

వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు టీవీలో వేశాం. నాన్న చెయ్యి కూతురి తలమీద! ఆ పిల్ల కళ్ళు నిండాయి. అంతలో వీడియోలో కెమెరా పక్కకి తిరిగింది. (కెమెరా తిరుగుతుందన్న సంగతి నేను ఆలోచిస్తేగా!) కూతురు తెర దాటిపోయింది, నాన్న మాత్రం తెరమీద ఉన్నచోటే ఉన్నారు. పంతులుగారి బట్టతలను దీవించి, సన్నాయి మేళాన్ని దీవించి, బంతి భోజనాల మధ్యకెళ్ళి సాంబారు బకెట్టు మీద చెయ్యెత్తి నిలబడ్డారు.

"ఏటిరా ఇది? బేగి ఆపు!" అని మా ఓనరు అరిచాడు. నాకు రిమోట్ చేతికి దొరకలేదు.

ముందు నవ్వింది వాళ్ళమ్మే. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఉంచీ బాబూ, సెరపకు. ఆయనెప్పుడు ఒక్కకాడ కుదురుగా ఉన్నారని? ఏ పెళ్ళికెళ్ళినా ఆకరికి బోజనాల కాడే తేలీవోరు" అంది.

"అమ్మా, నాన్నొచ్చీసేడే!" అని కూతురు ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో లేయరును మనిషికి అతికిస్తే ఇక వదలదు. ఈమధ్య మా మేనకోడలి పెళ్ళి వీడియోలో, కాలం చేసిన మా నాన్నను అలాగే పెట్టాను. పిల్ల కదిలితే కదిలారు, ఆగితే ఆగారు. భలే కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మేడమీది పొగరుబోతు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి చేతిలో పడి ఉంటే, మా నాన్న కాసేపైనా పెళ్ళంతా తిరిగేవారు.