రెండద్దాల కిటికీ

మా అత్తగారు పోయారు. పోయిన నెల ఒక గురువారం పొద్దున, పాలు పొంగే వేళకి, మండపేటలో మా ఇంట్లోనే, తన మంచం మీదే పోయారు. తెలిసినవాళ్ళు చాలామంది ఫోన్ చేసి, "పెద్దదిక్కు పోయిందండీ" అన్నారు. కొందరు ఏమనాలో తెలియక ఫోన్ పెట్టేశారు. వాళ్ళకి ఆవిడ బాగా తెలుసన్నమాట. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయడం మర్యాద. నేను ఉన్నది రాస్తాను. లేని మంచి అంటగడితే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

మా పెళ్ళిచూపులనాడు మా నాన్నగారితో, "పిల్ల ఫొటోలో ఇంత నల్లగా లేదేంటండీ" అన్నారు. నాన్నగారు తల దించుకున్నారు. కాపురానికి వచ్చిన మర్నాడు నేను పెట్టిన పులుసు నోట్లో వేసుకుని, "ఇది ఎవరి మీద కోపంతో కాచావమ్మా?" అని అడిగారు. "మీ మీదేనండి" అన్నాను. మా ఆయన కంచం ముందు బిగుసుకుపోయారు. అత్తగారు మాత్రం నవ్వి, మరో గరిటె వేయించుకున్నారు. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ రోజూ అదే వరస. నన్ను ఎప్పుడు పిలిచినా చివర 'అమ్మా' ఉండేది, ఆ 'అమ్మా'కి ముందు మంచిమాట మాత్రం ఎన్నడూ ఉండేది కాదు.

ఆవిడ గది వీధివైపు. మంచం కిటికీకి ఆనించి ఉండేది. పొద్దున కాఫీ గ్లాసుతో అక్కడ కూచుంటే మధ్యాహ్నం భోజనానికే లేచేవారు. కూరగాయల మనిషి అరుగు మీద బుట్ట దించగానే, "ఈ వంకాయలు మీ అమ్మమ్మ కోసినవా ఏంటే, ఇంత ముదిరాయి?" అనేవారు. బడికి ఆలస్యంగా పోయే పిల్లల్నీ, కొత్త చీర కట్టుకున్న కోడళ్ళనీ, లారీ అడ్డంగా పెట్టిన డ్రైవర్లనీ ఎవర్నీ వదిలేవారు కాదు. తిట్లు తిన్నవాళ్ళే మర్నాడు మళ్ళీ ఆ కిటికీ కింద ఆగేవాళ్ళు. ఎవరింట్లో ఏం జరిగిందో ఆవిడకి చెప్పి గాని ముందుకి కదిలేవాళ్ళు కాదు.

పెళ్ళైన రెండో ఏడు నాకు కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చి, ఆవిడ గదిలో చాప మీద పడుకుని ఏడుస్తున్నాను. పరామర్శకి వచ్చినవాళ్ళ ముందే, "నిలబెట్టుకోవడం కూడా చేతకావాలి కదమ్మా" అన్నారు. ఆ మాటని నేను క్షమించలేదు. ఇప్పుడు ఆవిడ లేరని క్షమించేదీ లేదు. అయితే ఆ తర్వాత చేసింది కూడా చెప్పాలి. "ఇంక లేవండి, మీ పొయ్యిల మీద ఏం మాడుతున్నాయో చూసుకోండి" అని అందర్నీ పంపేశారు. ఆ చెక్క కిటికీ రెక్కలు రెండూ లాగి గడియ పెట్టి, "ఏడు. వీధికి వినపడక్కర్లేదు" అన్నారు. తన చేత్తో తను ఆ కిటికీ మూయగా నేను చూసింది ఆ ఒక్కరోజే. నేను ఏడ్చినంతసేపూ ఆవిడ మూసిన రెక్కలకేసి తిరిగి కూచున్నారు.

మా వీధి వెనకే రైసు మిల్లులు. బాయిలర్లలో ఊక కాలుస్తారు. కొత్త ధాన్యం వచ్చే రోజుల్లో ఆరేసిన బట్టల మీదా, మూత పెట్టని పాల మీదా నల్లటి నుసి రాలుతుంది. మాకది అలవాటైపోయింది, అత్తగారి ఊపిరితిత్తులకి కాలేదు. ఉబ్బసం ముదిరి మాట మధ్యలో ఆయాసపడేవారు. తిట్టు సగంలో ఆగిపోతే తిట్లు తినేవాళ్ళకే ఇబ్బందిగా ఉండేది. గదిలోకి నుసి రాకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మా ఆయన చెక్క కిటికీ పీకించి రెండద్దాల కిటికీ పెట్టించారు. తెల్లటి ప్లాస్టిక్ చట్రం, మధ్యలో కాస్త గాలిని బంధించి రెండు అద్దాలు, చుట్టూ రబ్బరు. సరిగ్గా మూస్తే నుసీ రాదు, చప్పుడూ రాదు.

సరిగ్గా మూతపడితేగా. బిగించినతను రాజమండ్రి నుంచి వచ్చాడు, బిగించి వెళ్ళాడు, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. తాళం మొరాయించినప్పుడల్లా నేనే చూసుకోవాల్సి వచ్చింది. ఆ కిటికీ పిడి తిప్పితే రెక్క అంచులో ఒక ఇనప పట్టీ జరుగుతుంది. దానికున్న బొడిపెలు ఎదుటి చట్రంలో కొక్కేల్లోకి దూరి రెక్కని రబ్బరుకేసి నొక్కి పట్టుకుంటాయి. మా పట్టీ సగంలోనే ఆగిపోయేది. చూడ్డానికి మూసినట్టే ఉండేది గాని, సన్నటి సందు మిగిలేది. నుసికి ఆ సందు చాలు.

మొదటిసారి విప్పి చూస్తే లోపలంతా నల్లటి జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన. అత్తగారు శుక్రవారం తలకి నూనె రాసుకున్న చేత్తోనే గుమ్మం గడియకీ, బీరువా తాళానికీ, కిటికీ పిడికీ కూడా నూనె పెట్టేవారు. దసరాకి వాటికి పసుపూ కుంకుమా అద్దేవారు. పాత ఇనప గడియలకి అది మంచిదే. ఈ తాళంలో మాత్రం నూనెకి నుసి అంటుకుని, పసుపుతో కలిసి తారులా గట్టిపడేది.

ఆవిణ్ణి హాల్లో కూచోబెట్టి, కిటికీ ఊచల మధ్య చేతులు దూర్చి, పిడి స్క్రూలు విప్పి, పట్టీని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో బొడిపెలు రుద్దేదాన్ని. రెక్క కిందకి వాలి ఉంటే ఎల్ ఆకారపు ఇనప కీతో బందు బిగించి పైకెత్తేదాన్ని. హాల్లోంచి, "పులుసే సరిగ్గా రాదు నీకు, తాళమేం వస్తుందమ్మా?" అని దగ్గుతూ అనేవారు. "నూనె పెట్టకండి అత్తయ్యగారూ, మీ ఊపిరి కోసమే చెబుతున్నాను" అంటే, "అలాగేనమ్మా" అనేవారు. శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ నూనె. మతిమరుపనుకున్నాను, మొండితనమనుకున్నాను.

కిందటి కార్తీకం వెళ్ళాక ఆవిడకి ఊపిరి అందక కాకినాడ ఆస్పత్రిలో చేర్చాం. ఇంకోసారి ఇలా వస్తే మా చేతుల్లో ఉండదండి అన్నారు డాక్టరుగారు. ఇంటికి తీసుకొచ్చిన రోజే నేను పాత పిడి తీసి పారేసి, తాళంచెవి ఉన్న కొత్త పిడి బిగించాను. పట్టీ అద్దంలా తుడిచాను. పిడి తిప్పితే రబ్బరు నొక్కుకుని, మిల్లు మోత ఒక్కసారిగా ఆగిపోయింది. తాళం వేసి, చెవి నా పుస్తెలతాడుకున్న పిన్నీసుకి తగిలించుకున్నాను. మామగారు పోయినప్పటి నుంచీ అత్తగారు ఏ ముత్తైదువ పుస్తెల దగ్గరికీ చెయ్యి పోనిచ్చేవారు కాదు. అది తెలిసే అక్కడ పెట్టాను. ఎక్కడ కొడితే తగులుతుందో చూసి కొట్టడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

అత్తగారు మంచం మీంచి అంతా చూశారు. "ఇన్నాళ్ళూ నూనె పెట్టింది అది మూసుకోడానికనుకున్నావామ్మా?" అన్నారు. అంతే, అటు తిరిగి పడుకున్నారు.

ఆ చలికాలమంతా ఆవిడ అద్దం వెనకే కూచుని మాట్లాడారు. ఒక్క మాటా వీధిలోకి వెళ్ళేది కాదు. పెదవులు కదలడం చూసి, తిడుతున్నారనుకుని, వచ్చేపోయేవాళ్ళు నవ్వి తలూపేవాళ్ళు. చూడ్డానికి వచ్చిన బంధువులావిడతో, "మా కోడలు నన్ను ఆవకాయలా జాడీలో పెట్టి మూత బిగించింది, చెడిపోకుండా ఉంటానట" అన్నారు. నా గురించి ఆవిడ అన్నవాటిలో నాకు బాగా నచ్చిన మాట అది.

ఆయాసం తగ్గింది. ఊపిరి బాగా ఆడుతోందని డాక్టరుగారు సంతోషించారు. అయితే ఆవిడ నన్ను తిట్టడం తగ్గించారు. ఒకరోజు భోజనం దగ్గర, "పులుసు బాగుందమ్మా" అన్నారు. ఇన్నేళ్ళూ ఆ మాట కోసం కాచుకున్నదాన్ని, వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడ్డాను. నాకు భయం వేసింది. తర్వాత ఆవిడ ముద్దలు తగ్గించారు, కాఫీ సగం వదిలేశారు, ఒక గురువారం పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఊపిరితిత్తులకి ఏమీ కాలేదట.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ గది ఊడ్చి, పిన్నీసు నుంచి చెవి తీసి కిటికీ తెరిచాను. మిల్లు మోత లోపలికి వచ్చింది. కూరగాయల మనిషి అరుగు మీద బుట్ట దించుకుని కళ్ళు తుడుచుకుంది.

"అమ్మగారు లేకపోతే ఈదంతా బోసిగా ఉందండి" అంది. బుట్టలో కాయలు సర్దుతూ, "ఈ మధ్య అద్దంలోంచి రోజూ ఏదో అనేవారండి. నాకినపడక, తిడతన్నారనుకుని తలూపేసి ఎల్లిపోయేదాన్నండి. ఏమనేవారండీ?" అని అడిగింది.

ఆవిడ ఏమనేవారో నాకు తెలుసు. రోజూ ఆ వేళకి నేను ఆ గదిలోనే దుప్పట్లు మడుస్తూ ఉండేదాన్ని. "మా కోడలికి చెప్పవే, ఒక్కసారి కిటికీ తియ్యమనవే" అనేవారు. ఈ మనిషి తలూపి వెళ్ళిపోయేది. అత్తగారు నావైపు తిరిగి, "చెబుతానంది" అనేవారు.

"వంకాయలు ముదిరిపోయాయనేవారు" అన్నాను.

"అనుకున్నానండి" అని ఆ మనిషి ఏడుపులోనే నవ్వింది. బుట్టలోంచి రెండు వంకాయలు ఏరి పైకెత్తింది. "ఇయ్యి లేతవేనండి, మీరే చూడండి."

ఊచల్లోంచి చెయ్యి చాపి అందుకున్నాను. నొక్కితే గోరు దిగింది, లేతవే. అత్తగారు కూచునే చోట మంచం అంచున కూచుని, "ముదురే" అన్నాను, వీధంతా వినపడేలా. ఎదురింటి అరుగు మీదివాళ్ళు తలెత్తి ఇటు చూశారు. వంకాయల మీదా, నా చేతి మీదా, తెరిచిన కిటికీ పిడి మీదా నల్లగా నుసి రాలుతోంది.