అక్కలోని తొమ్మిదేళ్ల పిల్ల

మొన్న హనుమకొండలో మా రిటైర్డ్ ఉద్యోగుల భోజనాల్లో, బగారన్నం ప్లేటుతో నా పక్కకు చేరిన ఒక పెద్దమనిషి, వాళ్ల పక్కింటి పిల్లవాడు కౌన్సెలింగుకు పోతున్నాడని చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన కాలంల గివన్నీ ఉన్నయా మేడమ్? రెండు తగిలిస్తే అన్నీ సక్కగయ్యేటియి. మనకేమైంది, మంచిగనే ఉన్నం గద!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆయన ఎంత మంచిగా ఉన్నాడో మాకందరికీ తెలుసు. సొంత తమ్ముడితో మాట మానేసి దశాబ్దాలయింది, ఆయన గదిలోకి వస్తే భార్య నోట్లో మాట నోట్లోనే ఆగిపోతుంది. నాకు ఆ అన్నం సయించలేదు. మీరూ నా ఈడువాళ్లే కాబట్టి, ఆ మన కాలం సంగతి ఒకటి మీకు చెప్పాలనిపించింది.

పరకాల దగ్గరి మా ఊళ్లో అప్పుడు మా అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఆరు, మా తమ్ముడు అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్నాడు. నాట్ల కాలం కావడంతో, మేనత్త పుట్టింటికి వచ్చి ఉంది కదా అన్న ధైర్యంతో అమ్మానాన్నలు పొద్దున్నే పొలానికి పోయారు. మేనత్త మాత్రం పిల్లవాణ్ణి అక్క చంకకెక్కించి, గాజులు వేయించుకోవాలని అంగడికి పోయింది. పొయ్యి మీద గంజి పొంగుతుంటే దించడానికి అక్క వాణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి లోపలికి పోయింది. ఆ వాకిట్లోనే ఒక మూల పశువుల కోసం కడుగునీళ్లు, గంజి పోసి ఉంచే కుడితి గోలెం ఒకటి నేలలోకి సగం పాతి ఉండేది. అక్క తిరిగి వచ్చేసరికి వాడు అందులో తలకిందులుగా ఉన్నాడు. వాణ్ణి బయటికి లాగింది కూడా ఆ తొమ్మిదేళ్ల పిల్లే.

సాయంత్రం ఊరంతా చేరిన వాకిట్లో, చేతుల నిండా కొత్త గాజులతో మేనత్త గుండెలు బాదుకుంటూ, "తమ్మున్ని మింగినవ్ గదనే!" అన్నది. ఒక్కరూ ఆమె నోరు మూయించలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో, చుట్టాలు చేరిన ప్రతిచోటా ఆమె అదే మాట అంటూ ఉంటే, మన ఘనమైన పెద్దలు తాంబూలాలు నములుతూ విన్నారు. అక్క నిద్రలో కేకలు పెట్టి లేస్తుంటే ములుగు వైపు ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయి వేపమండలతో కొట్టించారు. ఏడుస్తున్న పిల్లను దగ్గరికి తీసుకోవాలని తోచని తెలివిగలవాళ్లకు, కొట్టించాలని మాత్రం ఎంత తొందరగా తోచిందో!

అక్క పెద్దదైంది, పెళ్లయి వరంగల్ వచ్చింది, ఒక కూతుర్ని కన్నది. ఆ కూతురికి అక్క ఒక్కనాడూ నీళ్లు పోయలేదు, చంకనెత్తుకోలేదు, అన్నీ వాళ్ల అత్తగారే చూసుకున్నారు. రాతిగుండె మనిషని చుట్టాలు తీర్పు చెప్పేశారు. ఆ కూతురు తనంటే అమ్మకు ఇష్టం లేదని నమ్ముతూనే పెరిగింది. రెండేళ్ల కిందట ఆమెకు పాప పుట్టినప్పుడు, దవాఖానలో పాపను చేతికివ్వబోతే అక్క గోడకు అతుక్కుపోయింది. అప్పుడా కూతురు, "అమ్మా, నన్నైతే ఎత్తుకోలే. దీన్నన్న ఎత్తుకోరాదే" అన్నది. ఆ మాటకే అక్క, కూతురు పొమ్మన్న కౌన్సెలింగుకు ఒప్పుకుంది, నేను వెంట ఉండాలన్న షరతు మీద.

హనుమకొండ నక్కలగుట్టలో ఒక చిన్న గది, కౌన్సెలింగు చేసేది మా పిల్లల ఈడు అమ్మాయి. ఈమె చెప్పేదేమిటి, మేం వినేదేమిటని నేనూ మూతి ముడుచుకునే కూర్చున్నాను. ఆ అమ్మాయి అక్కతో, "మీలో ఒకామె పాపను ఎత్తుకోవాలంటున్నది, ఇంకొకామె ముట్టొద్దంటున్నది. ఆ వద్దనే ఆమెను తిట్టకుండా, దేనికి భయపడుతున్నదో అడుగుదామా అమ్మా?" అన్నది.

"నాల ఇంకెవరుంటరు బిడ్డా? నాకేమన్న శివమూగుతదా?" అన్నది అక్క.

ఆ అమ్మాయి నవ్వి, పూనకం కాదనీ, మనసు ఒక ఇల్లులాంటిదనీ, దెబ్బ తిన్న పసితనం లోపలి గదిలో ఉండిపోతే దానికి కాపలాగా ఇంకొకరు గడప దగ్గర నిలబడతారనీ, ఆ కాపలా మనిషిని తరిమేయకుండా మర్యాదగా దారి అడగాలనీ చెప్పింది. కొన్ని నెలలు పోయాం. మొదట్లో అక్క అక్కడ తన మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడేది. ఒకరోజు కళ్లు మూసుకుని ఉన్నట్టుండి, "ఆ వద్దనేటామె, నేను ముట్టకుంటె ఏ పిల్లకూ ఏం గాదంటాంది" అన్నది. ఆ కాపలా మనిషి వెనక ఎవరున్నారని అమ్మాయి నెమ్మదిగా అడిగింది. అక్క, "చిన్న పోరి. లంగ తడిసున్నది. కుడితి వాసన. పొద్దుమూకిందాక ఆ లంగ ఎవ్వలు ఇడిపియ్యలే" అన్నది. ఆ పిల్ల కోసం ఇప్పుడు మీకేం చేయాలనిపిస్తున్నదని అడిగితే, "పొడి లంగ తొడుగుత" అని, "నువ్వు మింగలే బిడ్డా, గింతంత పోరివి" అంటూ, నేను నా జన్మలో వినని గొంతుతో ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆలస్యంగా చేసిన పాప తొట్టెల ఫంక్షన్‌కు మేనత్తా వచ్చింది. ముసలితనం ఆమె నడుమును వంచింది గానీ నాలుకను వంచలేదు. అక్క తొట్టెల దగ్గరికి పోతుంటే కుర్చీలోంచే, "దాని చేతికియ్యకుండ్రే!" అని అరిచింది. అక్క ఆగి, వెనక్కి తిరిగి, కోపం లేకుండానే అడిగింది. "అత్తమ్మా, గప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నువ్వు పెద్దదానివి. అంగడికి గాజులేసుకుందానికి పోతివి గద. ఆ మాట ఎవ్వలన్న నిన్నడిగిండ్రా?" మేనత్త పైట చెంగు సర్దుకుంటూ చూపు తిప్పుకుంది. అక్క పాపను ఎత్తుకుంది. మళ్లీ దించలేదు. ఆమె కూతురు వచ్చి, పాపతోపాటు తల్లినీ కలిపి కావలించుకుంది.

అక్కకు అంతా నయమైందని చెప్పను. పాపకు నీళ్లు పోసేటప్పుడు ఇప్పటికీ కూతురు పక్కన ఉండాల్సిందే. అయినా పోస్తోంది, పాటలు కూడా పాడుతోంది.

నా బాధ అమ్మ గురించి. కొడుకు పోయాక అమ్మ చాలా ఏళ్లు బతికింది. మరునాడే నాట్లకు పోయింది, వాడి పేరు మళ్లీ నోటెత్తి పలకలేదు. ఎంత గుండె దిటవో అని ఊరంతా మెచ్చుకుంది, మన కాలం మనుషులు మెచ్చుకోవడంలో ఎన్నడూ వెనకబడలేదు కదా. ఇప్పుడు మన పిల్లల ఈడు అమ్మాయిలు కుర్చీ దగ్గరికి జరుపుకుని, లోపల ఎవరున్నారమ్మా అని అడుగుతున్నారు. అమ్మను అలా అడిగి ఉంటే ఏం చెప్పేదో నేను ఊహించను కూడా లేను. నాకామె వంగి నాటు వేస్తున్న వీపు మాత్రమే గుర్తుంది.