వంగిన మోకాళ్ళ నడక

నాకు మ్యూజియం అంటే పిచ్చి. అద్దానికి ముక్కు ఆనించి, వెనకవాళ్ళు విసుక్కునేదాకా చూస్తాను. మా నాయన అట్లా కాదు. "పాత సామాన్లు మనింట్లో లేవా, టికెట్ కొని చూడాల్నా?" అనే రకం. అలాంటి మనిషి, పడమట ఒక పాత సంస్థానం కోటలో రాజుల పల్లకీ పెట్టారని నేను చెప్పగానే "ఎప్పుడు పోదాం?" అన్నాడు.

ఆ ఆత్రం ఎందుకో నాకు తెలుసు. నాయనకు తాత, అంటే మా ముత్తాత, వాకాడు దగ్గర చేపలు పట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆ సంస్థానంలో పల్లకీ మోశానని చెప్పుకునేవాడట. ముసలితనంలో మోకాళ్ళు వంచి, కూర్చోబోయి మానుకున్నవాడిలా నడిచేవాడట. అదేమని అడిగితే, "మిగతావోళ్ళు పొట్టోళ్ళు. నేను నిటారుగా నడిస్తే దొర ఒరిగిపోతాడు. వంగి నడిచీ నడిచీ ఇట్టా అయినా" అనేవాడట. రాజులకు ఒకే ఎత్తు బోయీలు దొరకరా అని ఊరంతా నవ్వి, ఆయనకు కోతలరాయుడని పేరు పెట్టింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా మేనత్త, నాయనకు అక్క. నాయన మాత్రం తాతను నమ్మాలనుకున్నాడు. డెబ్బై దగ్గరపడ్డా ఆ సంగతి తేల్చుకోలేకపోయాడు.

కోటలో నాకు అడుగడుక్కీ ఆగాలనిపించింది. దంతపు దువ్వెనకు ఒక పన్ను లేదు, ఏ రాణిగారి జుట్టు చిక్కులో విరిగిందో! జరీ చీర అంచు వెనకవైపు ఎలా ఉంటుందో చూడాలని మెడ నొప్పి పుట్టేలా వంగాను. రాజుగారి నిలువెత్తు చిత్రంలో మీసం ఒక్కో వెంట్రుకా గీశారు గానీ చెప్పులు మాత్రం అలికేశారు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చిత్రకారుడికి ఓపిక అయిపోయినట్టుంది.

నాయన ఇవేవీ చూడలేదు. తిన్నగా పల్లకీ దగ్గరికి పోయి, చుట్టూ కట్టిన తాడు మీదుగా వంగి, మోసే కర్రను అటూ ఇటూ చూస్తున్నాడు.

"తాడు దాటద్దు పెద్దాయనా," అన్నాడు వాచ్‌మన్.

"దాటన్లే అబ్బయ్యా. దీన్ని మోసేటోళ్ళందరూ ఒకే ఎత్తు ఉండేవోళ్ళా?"

"నాకేం తెలుసు? నేను పుట్టకముందు సంగతి."

నాయన ముఖం చిన్నబోయింది. ఇంత దూరం తీసుకొచ్చి ఆయనను ఉసూరుమనిపించానే అని నాకు బాధేసింది.

అంతలో వాన దంచికొట్టింది. పైకప్పు కారి, సరిగ్గా పల్లకీ మీదే నీళ్ళు పడసాగాయి. వాచ్‌మన్ కంగారుపడి తోటమాలినీ, టికెట్లు ఇచ్చే అతన్నీ కేకేశాడు. ముగ్గురయ్యారు, నాలుగో మనిషి లేడు. "పెద్దాయనా, నువ్వొక చెయ్యి..." అని అతను అంటుండగానే నాయన తాడు దాటేశాడు.

ముందు వాచ్‌మన్, నాయన. వెనక మిగతా ఇద్దరు. నాయన వాళ్ళందరికంటే తలంత పొడుగు. కర్రలు భుజాలకెత్తగానే పల్లకీ ముందుభాగం పైకి లేచి, మొత్తం వెనక్కి ఒరిగింది.

"తగ్గు పెద్దాయనా, తగ్గు! పడిపోతా ఉండాది!"

నాయన మోకాళ్ళు వంచాడు. పల్లకీ సమంగా నిలబడింది. అలాగే వంగి, పొడి వరండా దాకా ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచాడు. నేను మా ముత్తాతను చూడలేదు. అయినా ఆ నడక ఎవరిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

పల్లకీ దించగానే నాయన అక్కడే మెట్టు మీద కూలబడి, జువ్వలదిన్నెలో ఉన్న మా అత్తకు ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్లో పెట్టడం తప్ప ఇంకో పద్ధతి ఆయనకు రాదు.

"అక్కా, తాత కోతలు కొయ్యలా. నిజమే చెప్పినాడు."

"ఇప్పుడీ తాత గోలేందిరా నీకు?" అంది అత్త. నాయన జరిగిందంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అది ఆమె స్వభావం కాదు.

"ఎంత దూరం మోసినావు?" అని అడిగింది చివరికి.

"వరండా దాకా."

"మోకాళ్ళు ఎట్టుండాయిరా?"

"ఇంకా వణకతా ఉండాయక్కా."

ఫోన్ కట్టయిందేమో అనుకుని నాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వు మోసింది ఉత్త పల్లకీ గదరా," అంది అత్త. "ఆయన మనిషిని ఎక్కించుకోని ఊళ్ళకూళ్ళు మోసినాడు."