నోటితో లాగిన పోగు

నాకు కీళ్లవాతం వచ్చిందని తెలిసినప్పుడు సూరత్‌ లింబాయత్‌లో మా గల్లీ వాళ్లంతా నవ్వారు. చెడ్డబుద్ధితో కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వారు. ఇరవై మూడేళ్లవాడు పొద్దున్నే గోడ పట్టుకుని నడుస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పక్కింటి ముసలాయన నాకంటే ముందు నల్లా దగ్గరికి చేరుకుని బకెట్ పెట్టేవాడు. తనే నన్ను తాతా అని పిలవాలేమోనని రోజూ పరాచికమాడేవాడు. నేనూ నవ్వేసేవాణ్ణి. ఏం చెయ్యాలి మరి? ఆ ముసలాయన నా మోకాళ్లను మాత్రమే చూశాడు. అసలు గోల వేళ్లది.

రాత్రి పడుకునేటప్పుడు నావిగా ఉన్న వేళ్లు తెల్లారేసరికి ఎవరివో తెచ్చి అతికించినట్టు బిగుసుకుని ఉండేవి. దువ్వెన జారిపోయేది. చొక్కా గుండీలతో పడలేక టీషర్టులకు మారాను. మోకాళ్లకు కాపడం పెట్టుకుంటానని చెప్పి అవ్వ చేత, అంటే అమ్మ చేత, వేడినీళ్లు పెట్టించుకుని, ఆమె అటు తిరగగానే చేతులు ముంచుకునేవాణ్ణి. ఎండ ఎక్కేసరికి కాస్త దారికొచ్చేవి. వేళ్ల సంగతి ఇంట్లో చెప్పలేదు. మా నాన్న బాపుకు తెలిస్తే పని మాన్పించి కూర్చోబెడతాడని నా అనుమానం.

పని అంటే సాంచాల పని. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నేను పుట్టకముందే బాపు కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి ఈ సాంచాల మీద కుదిరాడు. నేను పదో తరగతి తప్పాక అదే షెడ్డులో చేరాను. ఆయనది ఒక వరుస, నాది పక్క వరుస. మగ్గం దానంతటదే నేస్తుంటే మధ్యలో మనిషికేం పని అని తెలియనివాళ్లు అడుగుతుంటారు. వచ్చి ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది. పోగు తెగినప్పుడల్లా ముడి వేయాలి. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, దాని పోగును నాడె కొసనున్న సన్నటి కన్నంలోంచి బయటికి తీయాలి. తీయడానికి చిన్న కొక్కెం ఉంటుంది గానీ దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాడెను పెదాలకు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే చాలు, పోగు నోట్లోకి వచ్చేస్తుంది. నేను చేరిన రోజే బాపు ఈ విద్య నేర్పాడు. నాడెలు ఎవరి సొంతమూ కాదు. పగలు నా నోటికి తగిలింది రాత్రి పాళీలో ఇంకొకరి నోటికి తగులుతుంది. గుట్కా వాసన, బీడీ వాసన, అన్నీ అలవాటైపోతాయి.

వేళ్లు మొరాయించాక ఆ నోరే నన్ను కాపాడింది. ముడి వేయడానికి కూడా ఒక కొసను పళ్లతో పట్టుకోవడం మొదలుపెట్టాను. చూసేవాళ్లకు కుర్రవాడి దూకుడులా కనిపించేది. షెడ్డులో చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అంతా సైగలే. కాబట్టి ఇదేంటని అడిగినవాడూ లేడు. అడిగితే నా కథ ముగిసేది. ముడి ఆలస్యమైతే సాంచా ఆగుతుంది, ఆగిన సాంచాను షెడ్డు నడిపే మాస్టర్ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. బయట చాయ్ బండి దగ్గర పనికోసం ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇందులో మాస్టర్‌కు నా మీద పగేమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

బీమా లేదా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ ప్రశ్న వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా షెడ్డు హాజరు పుస్తకంలో మా పేర్లే ఉండవు, ఇక బీమా ఎక్కడినుంచి వస్తుంది? రేషన్ కార్డు ఊళ్లో ఉంది, దాంతో వచ్చే ఆస్పత్రి కార్డు అక్కడే చెల్లుతుంది. ఇక్కడి కార్డు కావాలంటే ముందు అక్కడ పేరు తీయించుకోవాలి. తీయిస్తే ఊళ్లో ఉన్న జానెడు స్థలం మీద కూడా మన మాట చెల్లదని బాపు భయం. మా పైవాటాలో ఒకతను హజీరాలోని పెద్ద కంపెనీలో పనికి వాళ్ల బస్సు ఎక్కేవాడు. అతని బీమా కార్డులో అమ్మానాన్నల పేర్లు కూడా ఉండేవి. ఒకసారి జ్వరమొస్తే ఏసీ గదిలో పడుకుని, టీవీ చూసి, ఒళ్లు చేసి తిరిగొచ్చాడు. అసూయపడ్డానా అంటే పడ్డాను, బాగా పడ్డాను.

మొదట గల్లీ చివరి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. పేరేమిటో చెప్పకుండా పొట్లంలో చిన్న తెల్లమాత్రలు కట్టిచ్చాడు. అబ్బ, ఏం మాత్రలవి! మర్నాటికే వేళ్లు పరుగెత్తాయి. కొన్నాళ్లకు నా మొహం పూరీలా పొంగింది. కొడుకు కండపట్టాడని అవ్వ దిష్టి తీసింది. చివరికి మెట్లెక్కితే ఆయాసం వచ్చి సర్కారు ఆస్పత్రికి పోతే, అక్కడి డాక్టరమ్మ ఆ పొట్లం చూసి తలపట్టుకుంది. అవి స్టెరాయిడ్లని, ఒక్కసారిగా ఆపకూడదని, మెల్లగా తగ్గించాలని చెప్పింది. నా వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూసింది. నా ఒంట్లోని కాపలాయే నా కీళ్లను శత్రువనుకుని కొడుతోందని హిందీలో వివరించింది. వేళ్లకు శ్రమలేని పని చూసుకోమంది. ఆ ఒక్క సలహా మాత్రం ఇచ్చినంత తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఆమె రాసిన కొత్త మాత్రలు మలేరియాకు వాడేవట. నాకు మలేరియా లేదు కదా అన్నాను. ఇవి దీనికీ పనిచేస్తాయి, కానీ నెలలు పడుతుంది, ఓపిక పట్టమంది.

ఓపిక పట్టాను. నిజంగానే కాస్త కాస్త నయమైంది. సరిగ్గా అప్పుడు కరోనా వచ్చింది.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోతే లింబాయత్‌లో మొదటిసారి పిట్టల కూత విన్నాను. ఆ నిశ్శబ్దానికి అవ్వకు నిద్ర పట్టేది కాదు. చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు, మేం ఉండిపోయాం. నా మలేరియా మాత్రలు ఉన్నట్టుండి కరోనా మాత్రలైపోయాయి. రోగం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, వస్తుందేమోనని భయపడేవాళ్లు, అందరూ కొని దాచుకున్నారు. మెడికల్ షాపు అతను చీటీ చూసి, కరోనా పాజిటివా అని అడిగాడు. కాదు, కీళ్లనొప్పులన్నాను. ఇది కరోనాకండీ, కీళ్లకు కాదని నాకే బోధ చేశాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఇంకో షాపు, ఇంకో షాపు తిరిగాను. పోలీసులు లాఠీ ఊపుతుంటే పరుగెత్తాలి కదా, నా మోకాళ్లతో ఏం పరుగెత్తను? నిలబడి చీటీ చూపించేవాణ్ణి. ఆ నెలల్లో నా చేతులు మళ్లీ మొదటికొచ్చాయి, అంతకంటే అన్యాయమయ్యాయి కూడా. చిటికెన వేలు పక్కకు ఒరిగింది.

సాంచాలు మళ్లీ మొదలైనప్పుడు గేటు దగ్గర శానిటైజర్ సీసాను దారంతో కట్టారు. ముక్కూ నోరూ మూసుకుని పనిచేయాలన్నారు. మాస్టర్ అందరినీ నిలబెట్టి తలా ఒక కొక్కెం ఇచ్చాడు. ఆయన మావైపు మనిషే, నాకంటే పదేళ్లు పెద్ద. నాడెకు నోరు పెట్టినవాడు బయటికి పోవాల్సిందేనన్నాడు. తప్పు పట్టలేం. పక్క షెడ్డులో ఒకరు పోయారు, అందరికీ ప్రాణభయం ఉంది. ఆ కొక్కేన్ని నేను పట్టుకోబోతే వేళ్ల సందున నిలవక కింద పడింది. వంగి తీసుకున్నాను. మళ్లీ పడింది.

మొదటి రోజు ఎలాగో గడిపాను. రెండు సాంచాల మధ్య పడుగు నూలు చుట్టిన బీముల వెనక్కి వెళ్లి, మాస్కు దించి, నాడెను పీల్చి వచ్చేవాణ్ణి. ఆ తర్వాత ఒక రోజు నాతో నాడెలు పంచుకునే ఒడియా అన్న చూశాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. మాస్టర్ వైపు తిరిగి, చేత్తో తన నోరు మూసుకుని, నన్ను వేలెత్తి చూపించాడు. మాస్టర్ కరెంటు మెయిన్ కట్టేశాడు. వరుసలు వరుసలుగా సాంచాలు ఆగిపోయాయి. అందరూ మాస్కులు పైకి లాక్కుని వెనక్కి జరిగారు. ఒకడు నా నాడె మీద శానిటైజర్ పోశాడు.

"నీ నెత్తి మంచిగనే ఉన్నదారా? ఎంతమంది ఇండ్లు ముంచుదామనుకుంటున్నవు?" అన్నాడు మాస్టర్.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. పొగరుబోతునని అనిపించుకుంటే రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ పిలుస్తారు. చేతులు పోయినవాడని తెలిస్తే ఈ షెడ్డే కాదు, లింబాయత్‌లో ఏ షెడ్డూ సాంచా ఇవ్వదు. కాబట్టి పొగరుబోతుగానే ఉండాలి. తప్పయిందన్నాను. మరచిపోయానన్నాను. తల దించుకుని ఇంకాసేపు తిట్లు తిని ఉంటే నెగ్గేవాణ్ణి.

అంతలో పక్క వరుసలోంచి బాపు వచ్చాడు. మాస్టర్ మోచెయ్యి పట్టుకుని బీముల గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. చాటుగా మాట్లాడదామని ఆయన ఉద్దేశం. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికిన మనిషికి చెవులు సగం పోతాయి. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు. ఆ చప్పుడులో ఆయన గట్టిగా అరిస్తేనే పక్కవాడికి గుసగుసలా వినిపిస్తుంది. ఆ రోజు సాంచాలు ఆగి ఉన్నాయన్న సంగతి ఆయనకు గుర్తులేదు.

"వాడు పొగరువట్టి జేస్తలేడు మాస్టరూ. వాని ఏళ్లు వంగుతలేవు. పండ్లతోని ముడి ఏస్తున్నడు. ఏడాది సంది జూస్తున్న. నాకు ఎరుక లేదనుకుంటున్నడు."

షెడ్డు మొత్తం విన్నది. మెల్లగా మాట్లాడమని మాస్టర్ అంటున్నాడు, అది బాపుకు వినపడలేదు.

"వాని సాంచాలల్ల నాలుగు నేను నడుపుత. వానికి ఏదన్న కూసునే పని జూడు. నీ కాల్మొక్త, ఈ ముచ్చట ఎవ్వలకు జెప్పకు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది. ఒడియా అన్న కింద పడి ఉన్న నా కొక్కేన్ని తీసి సాంచా మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. బాపు గుట్ట వెనకనుంచి బయటికి వచ్చి, పని చక్కబెట్టినవాడిలా భుజం మీది తువాలు సర్దుకున్నాడు. నా మీద నాకు కాదు, ఆయన మీద కోపం వచ్చింది. ఏడాదిగా చూస్తున్నవాడు ఇంకో ఐదు నిమిషాలు ఆగలేకపోయాడా అని. ఆ కోపం చాలా రోజులు ఉంది. మాస్టర్ మెయిన్ వేశాడు.

నన్ను బట్ట తానులు చూసే బల్ల దగ్గర వేశారు. నేసిన తానును దీపం మీదుగా లాగుతూ, పోగు తప్పిన చోట, మరక పడ్డ చోట సుద్దముక్కతో గీత గీయడం ఆ పని. జీతం తక్కువ, కానీ సుద్దముక్కకు వేళ్లు అంతగా వంగనక్కర్లేదు. వానలు తగ్గేనాటికి మాత్రలు మళ్లీ షాపుల్లోకి వచ్చాయి. వాపు తగ్గింది, ఒరిగిన వేలు అలాగే ఉండిపోయింది. నోరు పెట్టే అవసరం లేని పని కాబట్టి నాకు మాస్కుతో కూడా ఇబ్బంది లేదు. కుదురుకున్నట్టే అనుకున్నాను.

తాను మీద సాంచా నంబరు ఉంటుంది. గీతలున్న తానుకు నేసినవాడి కూలీ కోస్తారు. బాపు తానుల్లో గీత గీయాల్సి రావడం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు. అలాంటిది ఆయన ఎనిమిది సాంచాలకు నావి నాలుగు కలిసి పన్నెండయ్యాక ఒక తాను వచ్చింది. దీపం మీదికి లాగగానే పోగు తప్పిన సందు కనిపించింది. మూరెడు కాదు, లాగుతున్నకొద్దీ వస్తూనే ఉంది. ఒక సాంచా దగ్గర ముడి వేస్తుంటే ఇంకోచోట తెగి ఉంటుంది, అక్కడికి చేరేలోగా అంత దూరం నేసేసి ఉంటుంది. యాభై దాటిన మనిషి పన్నెండు చోట్ల ఎక్కడని ఉంటాడు?

తానును భుజాన మోసుకొచ్చింది బాపే. దించి, చెమట తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు. నేను సుద్దముక్క పట్టుకుని ఊరుకున్నాను. మాస్టర్ అటువైపు ఉన్నాడు. చూడనట్టు లాగేస్తే లాగేయవచ్చు. ఒకసారి దొరికితే ఈ బల్ల కూడా పోతుంది.

బాపు ఆ సందును చూశాడు. వంగి, తన వేలితో దాని పొడుగునా తడిమాడు.

"చూస్తవేందిరా, గియ్యి" అన్నాడు. "గిదన్న నీకు ఉండాలె."

సుద్దముక్కను బట్టకు ఆనించాను. తానును లాగుతూ, సందు ఎక్కడ మొదలైందో అక్కడినుంచి ఎక్కడ ఆగిందో అక్కడిదాకా గీశాను. గీసి ఆయన సాంచా నంబరు రాశాను.