ఒకే పోస్టుకు మొగుడూ పెళ్ళాం

నేనూ మా ఆయనా ఇద్దరం ఎకనామిక్స్‌లో పిహెచ్.డి. చేశాం. నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇద్దరం పాఠాలు చెప్పేవాళ్ళం. కాబట్టి ఒక యూనివర్సిటీ వాళ్ళు ఎకనామిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు ఒకే ఒక్కటి ప్రకటించినప్పుడు ఇద్దరం దరఖాస్తు పెట్టాం. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. పెట్టిన సంగతి మేమే మరిచిపోయాక, ఇద్దరినీ ఒకే రోజు ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది.

అప్పుడు మా అత్తగారు ఈపూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. సంగతి విని, మిరపకాయల తొడిమలు తీస్తున్న చెయ్యి ఆపేశారు.

"ఏందమ్మాయ్, ఉద్యోగం ఒకటేనంటన్నావు. ఇద్దరూ పోతన్నారేంది?"

"ఎవరికొస్తే వాళ్ళకి, అత్తయ్యా."

"వాడికొస్తే నీకు కడుపుమంట, నీకొస్తే వాడికి కడుపుమంట. మూడోవాడికొస్తే ఇద్దరూ కలిసి ఏడ్వొచ్చు. అదే మేలు."

ఆ దీవెన అందుకుని తెల్లవారకముందే బస్సెక్కాం. సీట్లు లేవు. నిలబడి ఊగుతూనే మా ఆయన ఒక జాగ్రత్త చెప్పారు. "అక్కడ మనం మొగుడూ పెళ్ళాలమని ఎవరికీ చెప్పొద్దు. ఇద్దరికీ ఇవ్వకుండా ఉండటానికి వాళ్ళకదొక సాకవుద్ది." సాకుల కోసం యూనివర్సిటీ మా మీద ఆధారపడుతుందనుకోవడం మా అమాయకత్వం.

తొమ్మిదికల్లా హాజరు కావాలనీ, ఆలస్యమైతే రానివ్వమనీ ముందే హెచ్చరించారు. ఆ హెచ్చరిక అభ్యర్థులకే. ఇంటర్వ్యూ చేసే పెద్దలు ఎండెక్కాక వచ్చారు, టిఫిన్లు చేశారు, ఒకరి పిల్లల గురించి ఒకరు వాకబు చేసుకున్నారు. ఆ తర్వాత బయట కొందరు కూర్చుని ఉన్నారని వాళ్ళకెవరో గుర్తుచేసినట్టున్నారు.

హాల్లో నా పక్కన మాచర్ల నుంచి వచ్చిన ఒకమ్మాయి కూర్చుంది. కాసేపటికి నా చెవి దగ్గరకు వంగింది.

"అక్కా, మనం వచ్చి దండగ. ఆ నీలం చొక్కాయన ఉన్నాడే, పోస్టు ఆయనకే ఖాయం చేశారంట."

చూశాను. నీలం చొక్కా మా ఆయనది. గోడకు తల ఆనించి నిద్రపోతున్నారు.

"ఎవరు చెప్పారు?"

"అందరూ అనుకుంటన్నారక్కా. మనం పుస్తకాలు తిరగేస్తా చస్తంటే ఆయన ఎంత ధీమాగా నిద్రపోతన్నాడో చూడు. ఎనకమాల చానా పెద్ద అండ ఉండుద్ది."

ఆ పెద్ద అండ మా ఇంట్లో కూర్చుని తొడిమలు తీస్తోంది. కానీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన్ని చూసి ఎవరైనా బెదరడం అదే మొదలు. ఆ హోదా చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. మధ్యాహ్నానికి ఒకాయన మా ఆయనకు టీ తెచ్చిచ్చి, "సార్, మీరు చేరాక మమ్మల్ని కూడా కాస్త గుర్తుపెట్టుకోండి" అన్నాడు. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. టీ మాత్రం తాగేశారు.

నా వంతు వచ్చింది. నా పరిశోధన పల్నాడు మిరప రైతుల మీద. ధర పడిపోయిన ఏడు వాళ్ళు ఎలా నెట్టుకొస్తారో తెలుసుకోవడానికి ఏళ్ళ తరబడి చేల వెంట తిరిగాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా థీసిస్‌ని బరువు చూస్తున్నట్టు చేత్తో ఎత్తి, పక్కన పెట్టి అడిగారు.

"ఆవకాయలోకి ఏ రకం కారం బాగుంటుందమ్మా?"

చెప్పాను. పెద్దలందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. ఒకాయన రాసుకున్నారు కూడా. ఎకనామిక్స్ అంతటితో ముగిసింది. తర్వాత చివర్లో ఉన్నాయన కాగితాలు తిరగేస్తూ, "ఇదే చిరునామాతో ఇంకొకరున్నారే. మీ ఆయనా?" అన్నారు. మా రహస్యం అంతసేపే నిలిచింది.

"అవునండీ."

"మరి మీకు ఉద్యోగం వస్తే ఆయనకు అన్నం ఎవరు వండిపెడతారు?"

"ఇప్పుడూ ఆయనే వండుతున్నారండీ."

కారం సంగతి రాసుకున్నాయన పెన్నుకు మూత పెట్టేశారు. "మంచిదమ్మా, వెళ్ళి రండి" అన్నారు పెద్దాయన.

తర్వాత లోపలికి వెళ్ళిన మా ఆయన్ని అన్నం సంగతి ఎవరూ అడగలేదు. "మీ మిసెస్ చాలా ధైర్యంగా మాట్లాడారు" అని మాత్రం జాలిపడ్డారట.

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. ఆ మాటలు చెప్పుకుని ముందు ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళ చదువు ఆవకాయ దగ్గర ఆగిపోయినందుకు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మా ఆయన జేబురుమాలు నా చేతిలో పెట్టారు.

కొన్ని నెలల తర్వాత ఫలితం వచ్చింది. తగిన అభ్యర్థులెవరూ దొరకలేదట. ఆపైన కొద్ది రోజులకే అదే డిపార్టుమెంటు నుంచి ఫోను.

"మేడమ్, సెమిస్టర్ మొదలైపోయింది. చెప్పేవాళ్ళు లేరు. గెస్ట్ లెక్చరర్‌గా వస్తారా?"

"నేను తగనని మీరే తేల్చారు కదండీ?"

"అది పర్మనెంటు పోస్టుకి మేడమ్. క్లాసులు చెప్పడానికి తగుతారు."

ఆ యూనివర్సిటీ నుంచి నేను విన్న మాటల్లో తిరకాసు లేనిది అదొక్కటే. మా ఆయన వెళ్ళొద్దన్నారు, మనకూ ఒక మర్యాద ఉండాలన్నారు. మా ఇంట్లో మర్యాద కాపాడటానికి ఒకరు చాలనిపించి, నేను వెళ్ళాను.

మొన్న ధరల పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ళది వినుకొండ పక్కన పల్లెటూరు.

"మేడమ్, మా నాయన పోయినేడు మిరపకాయలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కూర్చున్నాడు. అప్పుడే అమ్ముకుంటే బాగుండేదా?"

బోర్డు మొత్తం తుడిచేసి, ఆ ప్రశ్న పైన రాసి, మీ ఇళ్ళల్లో ఏం చేశారని ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టాను. ఒకడు అమ్ముకున్నామన్నాడు, ఇంకొకడు దాచామన్నాడు, ఇద్దరూ వాదించుకున్నారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.