తలుపులలో కిటికీ దూకిన రోజు

భూకంపం వస్తే పరిగెత్తకూడదని ఊరూరా చెప్పి, అది రాకముందే పరిగెత్తిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు మీరు చదువుతున్నది అతగాడి రాతే. ఆ రోజు పోయిన పరువు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కాబట్టి నవ్వడానికి మొహమాటపడకండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది తాడిమర్రి. పెనుకొండ దగ్గర భూమి కదలికలను కొలిచే చిన్న కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం. వారమంతా యంత్రం గీసే గీతలు చూడాలి, శనివారం ఊళ్లు తిరిగి జాగ్రత్తలు చెప్పాలి. మా వైపు భూమి నెమ్మదస్తురాలు. ఆ గీతలు నిద్రపోయే పిల్లి ఊపిరిలా ఉండేవి. అందుకే నా ధైర్యానికి ఎన్నడూ పరీక్ష రాలేదు. పరీక్షే రాయనివాడు తప్పేదెక్కడ?

ఆ శనివారం తలుపుల అనే ఊరి బడిలో పొదుపు సంఘం ఆడవాళ్లకు సభ. నా ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించే కాగితం మా పైఅధికారి మేడమ్ బల్లమీద ఉంది. అందుకని కొత్త చొక్కా వేసుకుని, మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకుని, గొంతు పెంచాను.

"భూమి ఊగితే అరవొద్దు, పరిగెత్తొద్దు. బల్ల కింద దూరి, తల కాపాడుకుని, బల్లకాలు గట్టిగా పట్టుకోండి. ముసలివాళ్లను వదిలి పోవద్దు!"

ముందు వరసలో కూర్చున్న నాగమ్మవ్వ చెయ్యెత్తింది.

"ఏమప్పా, నా మోకాళ్లు వంగవు. నేను యాడ దూరేది?"

"నువ్వు కూర్చున్నచోటే ముందుకు వంగి, చేతులతో తల కప్పుకో అవ్వా. నేనుంటా గదా పక్కన!"

ఆ చివరి మాట ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు.

అంతలో గుర్రుమని ఏదో మోత. గోడ వణికింది. నల్లబల్ల గోడకు కొట్టుకుంది. నా కాళ్లకింద నేల జల్లెడలా ఆడింది.

"భూకంపం! పారిపోండి!" అని అరిచింది ఎవరనుకున్నారు? నేనే.

నాగమ్మవ్వ నన్ను పట్టుకోబోయింది. "ఉండప్పా, పరిగెత్తాకు!"

విననే లేదు. ఊరి పేరేమో తలుపుల, నేను పోయింది మాత్రం ఊచలు ఊడిన కిటికీలోంచి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను ముళ్లలో పడ్డాను. పడినచోటి నుంచే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మేడమ్, పెద్దది వచ్చింది!"

"యంత్రం ముందరే కూర్చున్నా గదయ్యా. గీత ఉలకలేదు, పలకలేదు. నువ్వెక్కడున్నావు?"

"కంపలో మేడమ్."

"భూకంపంలోనా?"

"కాదు మేడమ్... ముళ్లకంపలో."

మేడమ్ ఫోన్ పెట్టేసింది. తల తిప్పి చూద్దును కదా, బడి ప్రహరీ పక్కనే బోరు బండి! అప్పుడే ఎవరి చేలోనో రాతిని తొలుస్తోంది. డ్రైవరు నన్ను చూసి జాలిగా అడిగాడు:

"ఏమబ్బా, ముళ్లల్లో ఏం ఎతుకుతాండావు?"

మొహాన నెత్తుటి చుక్క లేకుండా లోపలికి వెళ్లాను. అక్కడ నవ్వులు లేవు. ఆడవాళ్లంతా బల్లల కింద, తలలు దాచుకుని, బల్లకాళ్లు పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు చేస్తూ కూర్చున్నారు. నాగమ్మవ్వ ఒక్కతే కుర్చీలో వంగి ఉంది. ఒక చెయ్యి తలమీద, ఇంకో చేతిలో తెగిన తాడుతో సహా నా కార్డు. పక్కనుంటానని మాటిచ్చిన మనిషిని ఆమె పట్టుకోబోతే చేతికి దొరికింది అదే. నాకు నిజంగా సిగ్గేసింది.

"అది బోరు బండి అవ్వా. లేవచ్చు," అన్నాను నేల చూస్తూ.

అవ్వ కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని బొమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నీ బొమ్మ నాతోనే ఉండాది. నువ్వు యాడికి పోతివప్పా?"

అప్పుడు లేచిన నవ్వుకు బోరు బండి మోత కూడా వినిపించలేదు.

అవ్వ నా చేతిలో గుచ్చుకున్న ముల్లు తీస్తూ, "మేం నేర్చుకుంటిమి. ఇంగ నువ్వు నేర్చుకోవల్ల," అంది. ఆ మాటే మేడమ్‌కు చెప్పాను. ఆమె నా పొడిగింపు కాగితంపై సంతకం పెట్టింది, కాకపోతే ఒక షరతు మీద: తర్వాతి శనివారం ధర్మవరం సభలో నేను మాట్లాడేవాణ్ణి కాదు, బల్ల కింద దూరి చూపించేవాణ్ణి.

సకల జనుల సమక్షంలో, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా భూమి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేల ఊగితే ఇక కదలను. ఊగకపోతే అసలే కదలను.